పుల్లయ్య క్యాంపుకు ఒక డాక్టరు

వివేక్ వాళ్ళ ఆఫీసులో పదేళ్ళపాటు కట్టిన లెక్కలన్నీ లారీలవే. ఏ గనిలో ఎంత రాయి తవ్వుతారు, దాన్ని మోయడానికి నెలకు ఎన్ని లారీలు కావాలి, ఉన్నవెన్ని, టైర్లు అరిగి మూలపడేవెన్ని. వాళ్ళ ఇంటికి తెలిసిన విద్య అదొక్కటే. గనుల జోరు తగ్గాక వివేక్ అదే విద్యకు కొత్త బోర్డు రాయించి, ప్రభుత్వ శాఖలకు అంచనాలు కట్టి ఇచ్చే సంస్థ పెట్టాడు. బళ్ళారిలో ఒక మేడ మీద రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు. నిన్నటిదాకా రాయికి లారీలు లెక్కగట్టిన చోటే ఇప్పుడు రోగాలకు డాక్టర్లను లెక్కగడుతున్నారు. దీనికి నవ్వినవాడు ఒక్కడూ లేడు. నవ్వవలసిన వాళ్ళకు ఆ సంగతే తెలియదు.

ఆ లెక్క కట్టేది అనుపమ. ఇరవై ఆరేళ్ళ పిల్ల, గణాంకాలు చదువుకుంది. రాబోయే పదేళ్ళలో తాలూకాలోని ఒక్కో ఆరోగ్య కేంద్రానికి ఎంతమంది డాక్టర్లు కావాలో, ఎంతమంది దొరుకుతారో ఆమె చెప్పాలి. ఒకవైపు డాక్టర్లు. కాలేజీల నుంచి ఏటా బయటికి వచ్చేదెందరు, పల్లెలో తప్పనిసరిగా చేయాల్సిన ఏడాది ముగియగానే పైచదువులకు పోయేదెందరు, పెళ్ళి చేసుకుని బెంగుళూరు చేరేదెందరు, రిటైరయ్యేదెందరు. ఇంకోవైపు జనం, పుట్టుకలు, జ్వరాలు, కాన్పులు. ఒకదానిలోంచి ఇంకోటి తీసేస్తే ప్రతి కేంద్రం ఎదుటా ఒక అంకె పడుతుంది. డాక్టరు తక్కువైతే ఆ గడి ఎర్రగా, ఎక్కువైతే పచ్చగా మారుతుంది.

ఇదంతా తల్లి నాగలక్ష్మమ్మకు విడమరిచి చెప్పింది అనుపమ. ఆమెకు అర్థమైంది ఒకటే ముక్క. "మా అమ్మాయి డాక్టర్ల లెక్కలు చూసుద్ది. ఏ డాక్టరు యాడికి పోవాలో దానికి తెలుసు" అని క్యాంపులో కనపడ్డ ప్రతివాళ్ళకూ చెప్పేది. కూతురు సంతకం పెడితే తప్ప జిల్లాలో డాక్టరు కదలడన్నంత ధీమా ఆ తల్లిది. అనుపమ మొదట్లో దిద్దేది, తర్వాత మానేసింది. కన్నతల్లి గొప్పలు చెప్పుకుంటుంటే ఎవరికి చేదు?

ఆ క్యాంపు పేరు పుల్లయ్య క్యాంపు. హచ్చొళ్ళి దాటాక కాలువ గట్టు వెంట పోతే వస్తుంది. కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో రేపల్లె వైపు నుంచి కొన్ని కుటుంబాలు ఈ నల్లరేగడి కొనుక్కుని, గుడారాలు వేసుకుని వరి పెట్టాయి. గుడారాలు పోయి మిద్దెలు వచ్చాయి, పేరు మాత్రం క్యాంపుగానే మిగిలింది. రెండువందల పన్నెండు ఇళ్ళు. అనుపమ తాత బసవపున్నయ్య వచ్చినప్పుడు ఎనిమిదేళ్ళవాడు, ఇప్పుడు ఎనభై దాటాడు. కొడుకును కరోనా ఏడు పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఆయన, కోడలు నాగలక్ష్మమ్మ, వారానికోసారి బళ్ళారి నుంచి వచ్చే మనవరాలు. ఇన్నేళ్ళయినా ఎవరైనా పలకరిస్తే "మేం ఇక్కడోళ్ళం కాదండీ" అనే మాటతోనే మొదలుపెడతాడు. పంట బాగా వచ్చిన ఏడు మరింత గట్టిగా అంటాడు.

క్యాంపులో ఎవరు పోయినా అస్థికలు కృష్ణకు పోవలసిందే. గుంటకల్లు పోయి రైలెక్కి, పెనుమూడి రేవులో కలిపి రావాలి. బసవపున్నయ్య తండ్రివీ, భార్యవీ అలాగే పోయాయి. కొడుకు పోయినప్పుడు రైళ్ళు లేవు. ఆ చిన్న ముంత నాలుగు నెలలు పశువుల కొట్టం పక్కన వేపకొమ్మకు వేలాడింది. కాలువకు అవతల తుంగభద్ర నిండుగా పారుతూనే ఉంది. "ఇక్కడ కలిపేద్దాం మామయ్యా" అని నాగలక్ష్మమ్మ ఒకసారి అంటే ముసలాయన ఆ రోజు అన్నం ముట్టలేదు.

కిందటేడు జనవరిలో ఆశా కార్యకర్త ఉరుకుందమ్మ ఆరోగ్య సర్వే కాగితాలతో వాళ్ళ వాకిట్లోకి వచ్చింది. పక్క ఊరి మనిషి, క్యాంపులో ప్రతి బిడ్డా ఆమె చేతుల మీదుగా పెరిగిందే. ఆ ఆదివారం అనుపమ ఇంట్లోనే ఉంది, టీ ఇచ్చింది తనే.

"పున్నయ్యప్పా, ఈడ రెండు గడులుండాయి. పర్మనెంటు, వలస. మిమ్మల్ని పర్మనెంటు అని రాస్తాండా" అంది ఉరుకుందమ్మ.

"వలస రాయి."

"అరవై డెబ్బై ఏండ్లాయ గదప్పా వచ్చి. ఇంగా వలస అంటే ఎట్ల?"

"నూరేళ్ళయినా వలసే. మా ఇలవేల్పు అక్కడ, మా తాతలు కట్టిన రేవు అక్కడ. పొట్ట చేత పట్టుకుని వచ్చాం, ఎప్పటికైనా పోతాం. నువ్వు రాయి."

"నాకెందుకప్పా, మీరెట్ల చెప్తే అట్ల." ఉరుకుందమ్మ రాసుకుంది. పెద్దాయన మాటే మిగతా ఇళ్ళ మాట. రెండువందల పన్నెండు ఇళ్ళూ ఆ పూటకే వలస గడిలోకి ఎక్కాయి. అనుపమ అంతా విన్నది. తాత మొండితనానికి తల్లీ తనూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు కూడా.

మార్చిలో ఆ సర్వే అంకెలు ఆమె కంప్యూటరుకు వచ్చాయి. వలస జనాన్ని లెక్కలోకి తీసుకోకూడదని నిబంధన, వాళ్ళు వాళ్ళ సొంత ఊళ్ళో లెక్కకు వస్తారు కాబట్టి. క్యాంపుకు దగ్గరి ఆరోగ్య కేంద్రం జనాభా, ఒక డాక్టరు ఉండటానికి కావలసిన గీతకు ఎనిమిది వందలు తక్కువ పడింది. క్యాంపులో ఉన్నది వెయ్యీ నలభై మంది. వాళ్ళను కలిపితే గీత దాటుతుంది. ఆ వెయ్యీ నలభైలో ఒకరు తను, ఒకరు అమ్మ, ఒకరు తాత. అనుపమ లేచి వివేక్ గదిలోకి వెళ్ళింది.

"సార్, ఈ క్యాంపు జనం వలస కాదు. డెబ్బై ఏళ్ళుగా అక్కడే ఉన్నారు. మా ఇల్లు కూడా అందులోనే ఉంది."

"మరి వలస అని ఎవరు చెప్పిరి?"

"వాళ్ళే చెప్పారు."

"వాళ్ళే చెప్తే మనమేం జేయల్ల అనుపమా? మార్చాలంటే మళ్ళ సర్వే కావల్ల. సోమవారం ఇచ్చేయల్ల ఇది." వివేక్ చెడ్డవాడేం కాదు, పనివాడు. "అయినా ఇది ఒట్టి అంచనా. దీన్ని చూసి ఎవరైనా డాక్టర్ను తీస్తారా?"

ఆ చివరి మాట అనుపమకు కావలసిన మాట. షీటు కింద తయారుచేసిన వాళ్ళ పేరు ఉండేచోట మొదటిసారి తన పేరు పడుతోంది. ఆ కేంద్రం ఎదుట పదేళ్ళకు పది గడులు, పదింటిలోనూ 'కావలసిన డాక్టర్లు: సున్నా' అని పచ్చగా వచ్చింది. పంపేసింది. అబద్ధం ఆడలేదు. ఒక్క అంకె తప్పు వేయలేదు. తర్వాత ఎన్నిసార్లు చూసుకున్నా ఆ షీటులో తప్పు దొరకలేదు, అదే ఆమెను తినేసింది.

జూన్‌లో ఆ కేంద్రంలో పనిచేసే డాక్టర్ హారతికి ఏడాది నిండింది. ఆమె వెళ్ళే రోజున క్యాంపు వాళ్ళు కొత్త బియ్యం బస్తా కారులో వేసి పంపారు. ఆమె స్థానంలోకి రావలసిన డాక్టరును, అంచనా ప్రకారం, ఎర్రగడి ఉన్న ఇంకో కేంద్రానికి పంపారు. అక్కడా జనమే, అక్కడా జ్వరాలే, వాళ్ళకు వచ్చిన డాక్టరును కాదనే హక్కు ఎవరికుంది? ఇక్కడ మాత్రం నర్సు బిందుశ్రీ, ఒక ఫార్మసీ ఆయన, మందుల ఫ్రిజ్జు మిగిలారు.

ఆగస్టులో కాలువ నిండుగా వచ్చింది. నాట్లు జోరుగా సాగుతున్నాయి. ఒక గురువారం మధ్యాహ్నం మూడు దాటాక నారుమడిలో నారు పీకుతుంటే నాగలక్ష్మమ్మ ఎడమ మణికట్టు మీద నాగుపాము కరిచింది. ట్రాక్టరు నడిపే తిప్పేశ్ ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని పది నిమిషాల్లో ఆరోగ్య కేంద్రానికి చేర్చాడు. విషానికి విరుగుడు మందు ఫ్రిజ్జులో పది సీసాలు ఉంది. కానీ అది ఎక్కించేటప్పుడు కొందరికి అక్కడికక్కడే గుండె ఆగుతుంది, డాక్టరు దగ్గర లేకుండా ఎక్కించకూడదు. బిందుశ్రీ సెలైన్ పెట్టి, అంబులెన్సుకు ఫోన్ చేసింది. అది ఇంకో కేసు మీద పోయింది, గంట పడుతుందన్నారు. సిరుగుప్ప పెద్దాసుపత్రికి పోవడానికి తిప్పేశ్ కారు కోసం ఎవరినో పిలుస్తున్నాడు. నాగలక్ష్మమ్మ అతని ఫోన్ అడిగి తీసుకుంది.

"అమ్మాయ్, పురుగు ముట్టింది. కంగారుపడమాక, బాగానే ఉన్నా" అంది. మాట అప్పటికే కాస్త ముద్దగా ఉంది. "డాక్టరమ్మ పోయిందిగా. కొత్త డాక్టరు ఎప్పుడొస్తాడో ఈ నర్సమ్మకు తెలవదంట. నీకు తెలుసుద్దిగా. నువ్వు చూసి చెప్పమ్మా."

అనుపమకు చూడనక్కర్లేదు. ఆ వరుస కంఠతా వచ్చు. సున్నా, సున్నా, సున్నా, పదిసార్లు.

"వస్తున్నారమ్మా" అంది. "దార్లోనే ఉన్నారు. భయపడకు, వచ్చేస్తున్నారు."

ఎందుకన్నదో ఆమెకే తెలియదు. తల్లి భయపడకూడదు అన్న ఒక్కటే ఆ క్షణాన తోచింది. పెట్టేసి సిరుగుప్పలో తెలిసిన వాళ్ళకు, అంబులెన్సుకు, వివేక్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేసింది. పావుగంట తర్వాత తిప్పేశ్‌కు చేసి "ఎక్కడిదాకా పోయారు?" అని అడిగింది.

"యాడికీ పోలేదక్కా, ఈడనే ఉండాం. కారు వచ్చి నిలబడుండాది. 'డాక్టరు దార్లో ఉన్నాడు, మా అమ్మాయి చెప్పింది, కారు డబ్బులు దండగ' అని అమ్మ కదల్లేదు. నర్సమ్మ పొమ్మన్నా విన్లేదు. ఇప్పుడు కండ్లు తెరవలేకుండాది..."

"ఎవరూ రావట్లేదు తిప్పేశ్! పోనియ్! నేను అబద్ధం చెప్పాను, పోనియ్!" ఆఫీసులో అందరూ లేచి నిలబడ్డారు.

కారు బయల్దేరింది. సిరుగుప్ప ఆరు కిలోమీటర్లు ఉందనగా నాగలక్ష్మమ్మ ఊపిరి ఆగింది. ఆ పావుగంట ఉంటే బతికేదా? బతికేదేమో. ఏ లెక్కా ఆ సంగతి చెప్పలేదు, అనుపమ మాత్రం రోజూ కడుతూనే ఉంది.

మూడోనాడు అస్థికలు ముంతలో వేసి మూతికి తెల్లగుడ్డ కట్టారు. అనుపమ గుంటకల్లు నుంచి రైలు ఎన్నింటికో చూడబోతే బసవపున్నయ్య వద్దని చెయ్యి ఊపాడు.

"కెంచనగుడ్డకు పోదాం" అన్నాడు.

"పెనుమూడి పోవద్దా తాతయ్యా?"

ఆయన పంచె ఎగ్గట్టి తిప్పేశ్ తెచ్చిన కారులో ముందు సీట్లో కూర్చున్నాడు. కెంచనగుడ్డ దగ్గర తుంగభద్ర ఎర్రగా, రాళ్ళను మింగుతూ పారుతోంది. తిప్పేశ్ ముసలాయన రెక్క పట్టుకుని నీళ్ళలోకి దింపాడు. ఏదో ఒక ఓదార్పు చెప్పాలి గదా అని, "ఈ నీళ్ళూ ముందుకు పోయి కృష్ణలోనే కలుస్తాయప్పా. అమ్మ ఆడికే పోతాది" అన్నాడు.

"కలవనీ, కలవకపోనీ" అన్నాడు బసవపున్నయ్య. "నా కోడలు పుట్టింది ఈ క్యాంపులో. చచ్చేదాకా నాటేసింది ఈ మళ్ళల్లో. పెనుమూడి దాని కళ్ళతో చూడనన్నా లేదు. ఎవరూ తెలియని చోటికి దాన్ని పంపేదేంటి?" ముంత వంచాడు. చేతుల్లోంచి ముంత కూడా జారిపోయింది. పోతే పోనీ అన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

గట్టు మీద కూర్చున్నాక అనుపమ చెప్పేసింది. షీటు సంగతి, పది సున్నాల సంగతి, దార్లో ఉన్నారని తను ఆడిన అబద్ధం సంగతి. తిప్పేశ్ ఆ చివరి ముక్క ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు. ఆమే దాచుకోలేకపోయింది. "అమ్మను నేనే చంపాను తాతయ్యా" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

"వలస రాయమంది నేను గదమ్మా" అన్నాడు ముసలాయన. "పోతాం పోతాం అంటా డెబ్బై ఏళ్ళు కూర్చున్నాను. ఎవురు పోయారు? నేను చెప్పిందే నువ్వు లెక్కలో వేశావు. నువ్వు ఒకదానివే మొయ్యమాక, నా వాటా నాకియ్యి." ఆమె తల మీద చెయ్యి వేయబోయి, తడిచెయ్యి అని ఆగి, పంచెకు తుడుచుకుని వేశాడు.

నవంబరులో మళ్ళీ సర్వే వచ్చింది. ఉరుకుందమ్మ ఈసారి వాకిట్లో అడుగు పెట్టడానికే తటపటాయించింది. తను రాసిన కాగితం ఎంత దూరం పోయిందో ఆమెకూ తెలిసిపోయింది. బసవపున్నయ్యే పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాడు.

"ఎంతమందప్పా ఇంట్లో?"

"ముగ్గురం" అన్నాడాయన ఠక్కున.

ఉరుకుందమ్మ పెన్ను కాగితం మీద ఆగింది. తలెత్తకుండా అనుపమ వైపు చూసింది. అనుపమ "ఇద్దరు అక్కా" అంది.

"ఆఁ, ఇద్దరం" అన్నాడు ముసలాయన. పైకండువాతో ముఖం తుడుచుకున్నాడు. "పర్మనెంటు. ఈ ఊరోళ్ళం. కనపడేట్టు రాయి."

తర్వాత చేతికర్ర తీసుకుని ఆమెతో పాటు బయల్దేరాడు. మూడు రోజులు, రెండువందల పన్నెండు ఇళ్ళు. ఎవరైనా "మేం ఇక్కడోళ్ళం కాదు..." అని మొదలుపెట్టగానే కర్ర నేలకు తాటించి "నోరు ముయ్యరా" అనేవాడు. డెబ్బై ఏళ్ళు తను నేర్పిన మాటను తనే ఇల్లిల్లూ తిరిగి మాన్పించాడు.

కొత్త అంకెలు జనవరిలో అనుపమ ముందుకు వచ్చాయి. క్యాంపు జనం చేరారు, కేంద్రం గీత దాటింది. చివరలో ఇంకో గడి ఉంది, కిందటేడు పాముకాటుతో పోయినవాళ్ళు ఎంతమందని. పాత షీటులో అక్కడ సున్నా ఉండేది. అనుపమ ఒకటి కొట్టింది. అమ్మ పేరు ఎక్కడా పడలేదు, ఆ ఒకటే అమ్మ. జనం గీత దాటడంతో పక్కనున్న పచ్చగడి ఎర్రబడి 'కావలసిన డాక్టర్లు: ఒకరు' అని చూపించింది. ఆమె లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి మిగతా ఊళ్ళు పూర్తిచేసింది.

ఏప్రిల్‌లో వివేక్ ఒక ఉత్తరం నకలు ఆమె బల్ల మీద పెట్టాడు. పెద్దకర్మకు క్యాంపుకు వచ్చి వెళ్ళినప్పటి నుంచి అతను ఆమె ముఖంలోకి సూటిగా చూడలేదు. "ఒప్పుకున్నారు. జూలైలో వచ్చే కొత్త డాక్టర్లలో ఒకర్ని మీ క్యాంపు సెంటర్‌కు రాసినారు. ఆర్డరే ఇది, అంచనా కాదు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అనుపమ ఆ కాగితం రెండుసార్లు చదివి తాతకు ఫోన్ చేసింది. బసవపున్నయ్యకు చెవులు కాస్త దూరం. గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"తాతయ్యా, డాక్టరు వస్తున్నారు. మన క్యాంపుకు."

అవతల కోళ్ళ అరుపు, దూరంగా ట్రాక్టరు చప్పుడు.

"నిజంగానేనా అమ్మాయ్?" అన్నాడు. నిష్ఠూరం లేదు ఆ గొంతులో, జాగ్రత్త మాత్రం ఉంది. "ఊరికే నా మనసు కోసం చెప్పట్లేదుగా?"

"లేదు తాతయ్యా. ఈసారి నిజమే."

"ఎప్పుడు?"

"జూలైలో."

"జూలై అంటే నారు పీకే రోజులకల్లా అన్నమాట" అన్నాడు బసవపున్నయ్య. "సరేలే, మీ అమ్మకు నేను చెబుతాలే" అని ఫోన్ పెట్టేశాడు.